ఖాతా మనది, తాళం ఎవరిది?

సరుకు కోసం సికింద్రాబాద్ వెళ్లే మన జిల్లా వ్యాపారులకు ఈ మధ్య ఒక కొత్త మాట వినిపిస్తున్నది. రాణిగంజ్‌లో మోటార్లు, పంపుల సామాను కొనేవారికీ, జనరల్ బజార్‌లో బట్టలు కొనేవారికీ, మందుల హోల్‌సేల్ దుకాణాలకు వెళ్లేవారికీ అందరికీ అదే మాట. ‘మీ లెక్కలు ఇంకా దుకాణంలోని కంప్యూటర్లోనే పెట్టుకున్నారా? క్లౌడ్‌కు మార్చుకోండి, నెలకు ఇంత కడితే చాలు’ అంటున్నారు. పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు కంప్యూటర్ కొనబోయినా అదే సలహా. విన్నవారు తల ఊపి వస్తున్నారు. ఇంటికి వచ్చాక దేనికి తల ఊపామో తెలియక తికమక పడుతున్నారు.

ఇది పట్నం వ్యాపారుల గొడవ, మనకేమిటి అనుకోవడానికి లేదు. ఎరువుల దుకాణం, విత్తనాల దుకాణం, మందుల షాపు, రైస్ మిల్లు, కిరాణం, చివరికి మన సహకార సంఘం, అన్నిటి పద్దులూ ఇప్పుడు కంప్యూటర్లోనే ఉన్నాయి. రైతు ఉద్దెర తెచ్చుకున్న యూరియా బస్తా, పంట రుణం మీద పడ్డ వడ్డీ, మిల్లుకు తోలిన వడ్ల తూకం ఆ పద్దుల్లోనే ఉంటాయి. ఆ పద్దు ఎక్కడ ఉంటుంది, ఎవరి చేతిలో ఉంటుంది అన్న ప్రశ్న దుకాణదారుకు ఎంత ముఖ్యమో, బాకీ ఉన్న రైతుకూ అంతే ముఖ్యం.

క్లౌడ్ అంటే మేఘం. పేరు విని ఆకాశంలో ఏదో ఉన్నదనుకోనక్కరలేదు. అది భూమి మీదే ఉంది, మనకు దగ్గరలోనే ఉంది. రంగారెడ్డి జిల్లా షాబాద్ మండలం చందన్‌వెల్లి, కందుకూరు మండలం మీర్‌ఖాన్‌పేట గ్రామాల పేర్లు చాలామందికి తెలుసు. అక్కడ అమెజాన్ కంపెనీ కట్టిన పెద్ద షెడ్ల వంటి భవనాలున్నాయి. బీరువాల లాంటి కంప్యూటర్లు వరుసలుగా పెట్టి, వాటిని చల్లబరచే యంత్రాలు, కరెంటు పోతే నడిచే జనరేటర్లు అమర్చారు. 2022 నవంబరులో ఈ కంపెనీ హైదరాబాద్ కేంద్రాలు పని మొదలుపెట్టాయి. మైక్రోసాఫ్ట్ కూడా హైదరాబాద్‌లో ఇలాంటివి కడతామని 2022 మార్చిలో ప్రకటించింది. ఊళ్లో గోడౌన్ లేని వ్యాపారి కిరాయి గోడౌన్‌లో బస్తాలు పెట్టుకున్నట్లు, మన లెక్కలు ఇలాంటి చోట పెట్టుకుని కిరాయి కట్టడమే క్లౌడ్ చందా. అంతకు మించి ఇందులో మాయ లేదు.

నిజానికి ఈ పద్ధతి సికింద్రాబాద్‌కు కొత్త కూడా కాదు. రైలు రిజర్వేషన్ కౌంటర్ గుర్తు చేసుకోండి. ఒకప్పుడు బెర్తుల లెక్క పెద్ద పెద్ద రిజిస్టర్లలో ఉండేది. ఏ స్టేషన్ రిజిస్టర్ ఆ స్టేషన్‌దే. తిరుగు ప్రయాణానికి టికెట్ కావాలంటే తంతి పంపి జవాబు కోసం ఎదురు చూసేవారు. 1994లో కాన్సర్ట్ అనే కంప్యూటర్ పద్ధతిని దేశంలో మొట్టమొదట అమలు చేసింది సికింద్రాబాద్‌లోనే. ఢిల్లీ, ముంబయి, కలకత్తా, మద్రాసు, సికింద్రాబాద్ కేంద్రాలు అయిదింటినీ 1999 నాటికి ఒకదానితో ఒకటి కలిపారు. అప్పటి నుంచి ఏ కౌంటర్‌లోనైనా ఏ రైలుకైనా టికెట్ దొరుకుతున్నది. కౌంటర్‌లో కూర్చున్న గుమాస్తా దగ్గర రిజిస్టర్ లేదు, లెక్కంతా ఎక్కడో పెద్ద కంప్యూటర్లో ఉంది. మన దుకాణాలకు ఇప్పుడు చెబుతున్నదీ అదే.

కానీ ఒక తేడా ఉంది. దాన్ని మనకు అమ్మజూపేవారు చెప్పరు. రైల్వే తన లెక్కను ఎవరి దగ్గరో కిరాయికి పెట్టలేదు. 1986లోనే క్రిస్ అనే సొంత సంస్థను పెట్టుకుని, సొంత మనుషులతో సాఫ్ట్‌వేర్ రాయించుకుంది. తాళం చెవి రైల్వే జేబులోనే ఉంది. మన దుకాణదారుకు, మన సంఘానికి ఆ భాగ్యం లేదు.

పాత సంగతి కాస్త చెప్పుకుందాం. చిట్టా, ఆవర్జా రాసే రోజుల్లో గుమాస్తా పోయినా పుస్తకం దుకాణంలోనే ఉండేది. తర్వాత కంప్యూటర్ వచ్చింది. ఈనాడు ఊళ్లలో లెక్కల కంప్యూటర్ అంటే టాలీ అనే అర్థం. దాని పుట్టుక కూడా మన లాంటి వ్యాపారి అవసరం నుంచే. మిల్లులకు ముడిసరుకు, యంత్ర భాగాలు సరఫరా చేసే శ్యాంసుందర్ గోయెంకా తన లెక్కలకు సరిపోయే సాఫ్ట్‌వేర్ దొరకక కొడుకు భరత్ గోయెంకా చేత రాయించారు. 1986లో బెంగళూరులో వారి కంపెనీ మొదలైంది. ఒకసారి డబ్బు కట్టి కొంటే మన మిషన్‌లో మన సాఫ్ట్‌వేర్ ఉండేది. కొత్త మార్పులు కావాలంటే ఏటా కొంత కట్టాలి, వద్దనుకుంటే పాతదే నడిపించుకోవచ్చు. ఇప్పటికీ ఇలా ఒకేసారి అమ్మే పద్ధతి పూర్తిగా పోలేదు. అయితే గాలి చందా వైపు వీస్తున్నది. పెళ్లి ఆల్బమ్‌లు చేసే ఫోటో స్టూడియోల వారిని అడిగితే చెబుతారు. ఫోటోషాప్ తయారు చేసే అడోబ్ కంపెనీ 2013లోనే ఇక మీదట కొత్తవి ఒకేసారి అమ్మబోమని, చందా కట్టినవారికే ఇస్తామని ప్రకటించింది. అడిగే నాథుడు లేడు. ప్రపంచమంతా కడుతున్నది.

ఖర్చు విషయం చూద్దాం. ఒక సాఫ్ట్‌వేర్ ఒకేసారి కొంటే 18,000 రూపాయలనుకుందాం. అదే పని చేసే క్లౌడ్ చందా నెలకు 600 అనుకుందాం. ముప్పయి నెలలకు రెండూ సమానం. ఆ తర్వాత కట్టేదంతా అదనం అని తేల్చేస్తే అది సగం లెక్కే అవుతుంది. ఒకేసారి కొన్నదానికి కూడా పన్ను రూల్స్ మారినప్పుడల్లా కొత్త మార్పులు వేయించాలి. మొదటి ఏడాది పోను దానికి ఏటా 4,000 అనుకుంటే పదేళ్లకు మొత్తం 54,000 అవుతుంది. చందా పదేళ్లకు 72,000. తేడా 18,000 మాత్రమే. మధ్యలో ఒక్కసారి హార్డ్ డిస్క్ చెడిపోయి, పట్నం నుంచి మెకానిక్‌ను పిలిపించి, పోయిన ఆరు నెలల లెక్క మళ్లీ కొట్టించాల్సి వస్తే ఆ తేడా కూడా మిగలదు. కాబట్టి చందా అనగానే దోపిడీ అని కేకలు వేయడం సబబు కాదు. అయితే ఆ 600 రూపాయలు పదేళ్ల దాకా 600గానే ఉంటుందని ఎవరైనా కాగితం మీద రాసి ఇచ్చారా? మూడో ఏట 900 అంటే ఏం చేస్తారు? పైగా చందా మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది. మామూలు జీఎస్టీలో ఉన్న వ్యాపారికి అది లెక్కలో సర్దుబాటు అవుతుంది. కాంపోజిషన్ పద్ధతిలో ఉన్న చిన్న దుకాణదారుకు అది తిరిగిరాదు, చేతి నుంచి పోయినట్లే.

మంచిని మంచిగా చెప్పవలసి ఉంది. 2024 సెప్టెంబరు 1న మున్నేరు పొంగి ఖమ్మం కాలనీలను ముంచెత్తిన సంగతి అందరికీ తెలుసు. అటువంటి వరదలో చిట్టా పుస్తకమూ మిగలదు, దుకాణంలోని కంప్యూటర్ కూడా మిగలదు. లెక్క చందన్‌వెల్లి లాంటి చోట ఉంటే నీళ్లు తగ్గాక వేరే ఫోన్‌లో తెరిచి చూసుకోవచ్చు. వైరస్ వచ్చి మిషన్ తాళం పడే బెడద తగ్గుతుంది. దొంగలు కంప్యూటర్ ఎత్తుకుపోయినా పద్దు పోదు. యజమాని ఆస్పత్రిలో ఉన్నా, పెళ్లికి పోయినా ఆ రోజు గల్లాలో ఎంత పడిందో ఫోన్‌లో చూసుకోవచ్చు. గుమాస్తాల మీద నమ్మకం లేనివారికి ఇదొక్కటే చాలు, చందా కట్టేస్తారు! ఎక్కడెక్కడో చదువుకుంటున్న కొడుకు, కూతురు సాయంత్రం పూట తండ్రి లెక్కలు సరిచూసి పెట్టడం కూడా వీలవుతుంది.

ఇక కష్టాలు. ‘సర్వర్ డౌన్’ అన్న మాట ఇప్పుడు తెలుగు మాటే అయిపోయింది. అక్షరం ముక్క రాని ముసలమ్మ కూడా తహసీల్ ఆఫీసు నుంచి తిరిగి వచ్చి ‘సర్వర్ డౌనట బిడ్డా’ అంటున్నది. 2020 అక్టోబరు 29న ధరణి మొదలైనప్పటి నుంచి దాని బదులు 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చే దాకా రైతులు ఈ మాట ఎన్నిసార్లు విన్నారో లెక్కలేదు. 2018 నుంచి ఎరువుల అమ్మకం కూడా ఈ-పాస్ మిషన్ మీదే. వేలి ముద్ర పడాలి, సిగ్నల్ రావాలి, అప్పుడే బస్తా కదలాలి. దీనికి తోడు దుకాణం లెక్క కూడా క్లౌడ్‌లో పెడితే, సిగ్నల్ పోయిన పూట దుకాణదారు బిల్లు కొట్టలేడు, పాత బాకీ ఎంతో చూసి చెప్పలేడు. నాట్ల వేళ క్యూలో నిలబడ్డ రైతుకు ఎవరి సర్వర్ పోయిందో అనవసరం. ఆ పూట పని ఆగింది, అంతే. అందుకే సిగ్నల్ లేకపోయినా బిల్లు కొట్టి, సిగ్నల్ వచ్చాక పైకి పంపే ఏర్పాటు ఉన్న సాఫ్ట్‌వేర్ తప్ప మరొకటి పల్లె దుకాణానికి పనికిరాదని ఈ విలేకరి అభిప్రాయం. పట్నంలో డెమో చూసి మురిసిపోవద్దు. మీ ఊళ్లో, మీ దుకాణంలో, వాన పడే సాయంత్రం చూడాలి.

పల్లెల సంగతి సరే, పెద్దవారి దగ్గర మాత్రం అంతా సవ్యంగా ఉన్నదా? 2024 జులై 19న ఒక అమెరికా భద్రతా సాఫ్ట్‌వేర్ కంపెనీ, క్రౌడ్‌స్ట్రైక్, పంపిన ఒక్క తప్పు మార్పుతో ప్రపంచమంతటా సుమారు 85 లక్షల కంప్యూటర్లు మొరాయించాయి. ఆ రోజు శంషాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు చేతితో రాసి ఇచ్చారు. విమానాల వారికి కూడా ఆ పూట కలం, కాగితమే దిక్కయ్యాయి. ఆ తర్వాత రెండు వారాలు తిరగకముందే, జులై 31న, చిన్న బ్యాంకులకు కంప్యూటర్ సేవలు అందించే సీ-ఎడ్జ్ అనే సంస్థ మీద దొంగలు దాడి చేసి తాళం వేశారు. దేశంలో సుమారు 300 చిన్న బ్యాంకుల ఖాతాదారులకు చెల్లింపులు నిలిచిపోయాయి. అందులో ఎక్కువ సహకార బ్యాంకులు, గ్రామీణ బ్యాంకులే. మరునాటికి చాలావరకు చక్కబడింది. అయినా సంగతి గమనించండి. ఆ బ్యాంకులు ఏ తప్పూ చేయలేదు. వారందరి లెక్క ఒకే గోడౌన్‌లో ఉన్నందుకు అందరి తలుపులూ ఒకేసారి మూతపడ్డాయి.

అన్నిటికన్నా ఆలోచించవలసిన సంగతి 2025 జులైలో జరిగింది. నయారా పేరుతో పెట్రోలు బంకులు మనం చూస్తూనే ఉంటాం. గుజరాత్‌లోని వాడినార్‌లో వారి శుద్ధి కర్మాగారం ఉంది. అందులో రష్యా వాటా ఉన్నదని ఐరోపా దేశాలు ఆంక్షలు పెట్టాయి. వెంటనే మైక్రోసాఫ్ట్ ఆ కంపెనీ ఈ-మెయిల్ మొదలైన సేవలను నిలిపివేసింది. చందా పూర్తిగా కట్టి ఉన్నామని, మన దేశంలో లేని ఆంక్షకు మన దేశంలోని కంపెనీ ఎందుకు నష్టపోవాలని నయారా ఢిల్లీ హైకోర్టుకు ఎక్కింది. నెలాఖరుకు సేవలు తిరిగి వచ్చాయి. వేల కోట్ల కంపెనీ, పెద్ద వకీళ్లను పెట్టుకోగల కంపెనీ కాబట్టి వారంలో తేలింది. మన మండల కేంద్రంలోని పురుగు మందుల దుకాణదారుకు ఒకనాడు అలా తెర నల్లబడితే ఏ కోర్టుకు పోతాడు? చందా గడువు ఒక్క రోజు దాటినందుకే లోపలికి రానివ్వని పద్ధతులున్నాయి. డబ్బు ఆలస్యమైతే కొత్త బిల్లులు ఆపితే ఆపండి, పాత పద్దు చూడనివ్వాలి కదా!

ఇది మాట వరసకు అంటున్నది కాదు. జీఎస్టీ చట్టం ప్రకారం ఏ ఏడాది లెక్కలైనా ఆ ఏడాది వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలల పాటు భద్రపరచాలి. అంటే ఆరేళ్లు. చందా మానేసిన మరునాడే సాఫ్ట్‌వేర్ కంపెనీ చేతులు దులుపుకుంటుంది. నాలుగేళ్ల తర్వాత పన్ను ఆఫీసరు నోటీసు ఇచ్చినప్పుడు ‘సార్, ఆ కంపెనీతో ఇప్పుడు మాకు సంబంధం లేదు’ అంటే ఒప్పుకుంటాడా? కంపెనీల విషయంలో ప్రభుత్వం 2022 ఆగస్టులో ఒక నియమం తెచ్చింది. వారి లెక్కల నకలు మన దేశంలోనే ఉన్న సర్వర్లో ప్రతి రోజూ ఉంచాలి. కంపెనీ చట్టం కింద రిజిస్టర్ అయిన వారికే ఈ నియమం. సొంత దుకాణం నడుపుకునే చిన్న వ్యాపారికి అటువంటి రక్షణ ఎవరూ రాయలేదు. తనకు తానే రాసుకోవాలి.

ఇక్కడ ఒక చిన్న సంగతి మీద ఎక్కువగా చెప్పక తప్పదు. క్లౌడ్ ఖాతా తెరవాలంటే ఒక ఫోన్ నంబరు, ఒక ఈ-మెయిల్ ఇవ్వాలి. మన వారిలో చాలామందికి ఈ-మెయిల్ ఉండదు, ఉన్నా గుర్తుండదు. సాఫ్ట్‌వేర్ వేయడానికి వచ్చిన కుర్రవాడు ‘నేను చూసుకుంటా అన్నా’ అని తన ఈ-మెయిల్, తన నంబరు పెట్టేస్తాడు. మంచి ఉద్దేశంతోనే పెడతాడు. తర్వాత ఆ కుర్రవాడు ఉద్యోగం మారతాడు, గల్ఫ్‌కు పోతాడు, లేదా దుకాణదారుతో పేచీ పడతాడు. ఓటీపీ అతని ఫోన్‌కే పోతుంది. కంపెనీకి ఫోన్ చేస్తే ‘మా రికార్డులో యజమాని అతనే’ అంటారు. పొలం మనం కొని, పట్టా మాత్రం దళారి పేరున చేయించుకున్నట్లు ఉంటుంది ఈ వ్యవహారం. కాబట్టి ఇప్పటికే క్లౌడ్‌కు మారినవారు ఈ పత్రిక పక్కన పెట్టి, మీ ఖాతా ఎవరి నంబరు మీద ఉన్నదో ముందు చూసుకోండి. పాస్‌వర్డ్ యజమానికి తెలియాలి, ఇంట్లో మరొకరికి తెలియాలి.

ఇప్పుడు సహకార సంఘాల సంగతి. కేంద్ర మంత్రివర్గం 2022 జూన్ 29న దేశంలోని 63,000 ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాలను కంప్యూటరీకరించే పథకానికి 2,516 కోట్ల రూపాయలతో ఆమోదం తెలిపింది. అయిదేళ్ల పథకం. ఒక్కో సంఘానికి సుమారు 3.91 లక్షల ఖర్చు అని అంచనా వేశారు. అన్ని సంఘాలకూ కలిపి క్లౌడ్ మీద ఒకే ఉమ్మడి సాఫ్ట్‌వేర్ అని, అది ప్రాంతీయ భాషల్లో ఉంటుందని ప్రకటించారు. ఉద్దేశం మంచిదే. సంఘం కార్యదర్శి ఒక్కడికే తెలిసే లెక్క పైన బ్యాంకు దాకా కనిపిస్తే దొంగ పద్దులు తగ్గుతాయి. బినామీ రుణాలు, చనిపోయిన వారి పేర రుణాలు అన్న వార్తలు రాసి రాసి మా విలేకరుల కలాలు అరిగాయి.

అయితే రైతులు అడగవలసినవి ఉన్నాయి. అయిదేళ్లు నిండాక ఆ క్లౌడ్ కిరాయి ఎవరు కడతారు? సంఘం కడితే అది రైతు వాటాధనం మీద పడుతుంది, లేదా ఎరువు బస్తా మీద పడుతుంది. తెలుగులో ఉంటుందన్నారు. రైతు చేతికి వచ్చే రసీదు, బాకీ పత్రం తెలుగులో వస్తున్నదా, లేక ఇంగ్లీషు అక్షరాల చీటీ ఇచ్చి వేలి ముద్ర వేయించుకుంటున్నారా? పాత పుస్తకాల నుంచి కంప్యూటర్లోకి పద్దులు ఎక్కించినప్పుడు ఎవరు సరిచూశారు? ఎక్కించేటప్పుడు ఒక సున్నా ఎక్కువ పడితే ఆ తప్పు పట్నం సర్వర్లో భద్రంగా, పదిలంగా, ఎన్నేళ్లయినా చెడిపోకుండా ఉంటుంది! రుణమాఫీ జాబితాలో పేరు తప్పు పడి, తండ్రి పేరు తప్పు పడి తిరిగిన రైతులకు ఇది వేరే చెప్పనక్కరలేదు.

కంప్యూటర్లోకి ఎక్కిన ప్రతి రైతు ఖాతాను అచ్చు తీసి సంఘం ఆఫీసు గోడకు నెల రోజులు అంటించాలి. అభ్యంతరాలు రాతపూర్వకంగా తీసుకోవాలి. ఆ తర్వాతే పాత రిజిస్టర్లు కట్టగట్టాలి. కట్టగట్టాలన్నాను, తూకానికి అమ్మమనలేదు. జిల్లా సహకార అధికారులు దీని మీద ఒక్క ఉత్తరువు ఇస్తే సరిపోతుంది, ఖర్చు కూడా కాగితాల ఖర్చే.

దుకాణదారులకు నా మాట ఇంతే. మారదలచుకుంటే మారండి. ముందుగా మూడేళ్లకు, అయిదేళ్లకు కలిపి డబ్బు కట్టకండి, తగ్గింపు ఎంత ఇచ్చినా సరే. ఏడాది చూడండి. మానుకుంటే మా లెక్క మొత్తం మాకు ఏ రూపంలో ఇస్తారు, ఎన్ని రోజుల్లో ఇస్తారు అని అమ్మేవాడిని అడిగి, జవాబు బిల్లు మీదే రాయించి సంతకం తీసుకోండి. రాయనంటే పక్క దుకాణానికి వెళ్లండి, చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో దుకాణాలకు కొదవ లేదు. ప్రతి నెల చివరి రోజున ఆ నెల లెక్కను దింపి ఒక పెన్ డ్రైవ్‌లో పెట్టండి. బాకీల జాబితా ఒక్కటి మాత్రం కాగితం మీద అచ్చు తీసి బీరువాలో పెట్టండి. ఉద్దెర మీద నడిచే పల్లె వ్యాపారంలో ఆ జాబితాయే ఆస్తి.

మండల స్థాయిలో ఎరువుల డీలర్ల సంఘాలు, కిరాణ వర్తక సంఘాలు ఉన్నాయి. ధరలు పెరిగినప్పుడు, తనిఖీలు వచ్చినప్పుడు కలుస్తున్నారు. ఈ పనికి కూడా కలవవచ్చు. ఇరవై మంది కలిసి సికింద్రాబాద్ వెళ్లి ఒకే కంపెనీతో బేరం ఆడితే ధరా తగ్గుతుంది, షరతులూ రాయించుకోవచ్చు. ఒక్కడే వెళితే అమ్మేవాడు చెప్పిందే వేదం. వానాకాలం సీజన్ మొదలయ్యే లోపే ఈ పని చేసుకోవాలి. నాట్లు పడ్డాక ఎవరికీ తీరిక ఉండదు, ఆ హడావుడిలో లెక్క ఒకచోటి నుంచి మరొకచోటికి మార్చితే బాకీలు తారుమారవుతాయి. మార్చిన తర్వాత కనీసం రెండు నెలలు పాత మిషన్‌లోనూ, కొత్త దానిలోనూ రెండు చోట్లా బిల్లులు ఎక్కించి, నెలాఖరున రెండు మొత్తాలూ పైసలతో సహా సరిపోయాయో లేదో చూసుకున్నాకే పాతది ఆపాలి.